బరువు చూసి కొన్న లెన్సు

వరంగల్‌లో ఎవరు లెన్సు కొన్నా ముందు నన్ను అడిగే కొంటారు. హన్మకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా మెడలో కెమెరా వేలాడే ప్రతి మనిషీ ఏదో ఒక రోజు మా గడప తొక్కినవాడే. ఇంత పేరున్న మనిషిని, డెబ్బై దాటిన తర్వాత, ఒక లెన్సు గుట్ట మీద కూర్చోబెట్టి అవమానం చేస్తుందని అనుకోలేదు. కోపం చల్లారకముందే రాస్తున్నాను. చల్లారితే మర్యాదగా రాస్తాను, మర్యాదగా రాస్తే అసలు సంగతి బయటికి రాదు.

నేను ఫొటోలు తీసి బతికినవాణ్ణి కాను. బట్టలబజార్ పక్క గల్లీలో మాకు ఇత్తడి, స్టీలు సామాన్ల దుకాణం ఉండేది. బిందెలు, గంగాళాలు, టిఫిన్ డబ్బాలు అమ్మి బతికాను. దుకాణం మూసిన ప్రతి రోజూ కెమెరా పట్టుకుని ఊళ్ళు తిరిగేవాణ్ణి. గుళ్ళు, కోటలు, అంగళ్ళు, చెరువు కట్టలు. వెంట నా భార్య, ఆమె భుజానికి నా సంచి.

ఆ సంచి గురించి చెప్పాలి. అందులో మూడు లెన్సులుండేవి. గోపురం మొత్తం పట్టడానికి ఒకటి, గోపురం మీది పావురాన్ని పట్టడానికి ఒకటి, మనుషుల మొహాలకు ఒకటి. సంచి తోలుది. మా ఇంట్లో ఒక పట్టింపు ఉంది: తోలు వస్తువు గుడి గడప దాటకూడదు. మా అమ్మ పెట్టిన పట్టింపు. నడుముకున్న బెల్టు కూడా విప్పి చెప్పుల పక్కన పెట్టి పోవాల్సిందే. అమ్మ పోయింది కానీ పట్టింపు పోలేదు. కాబట్టి ఎక్కడికి పోయినా సంచి బయట ఉండాలి, సంచికి కాపలా ఒక మనిషి ఉండాలి. ముందు నేను పోయి నాలుగు ఫొటోలు తీసుకుని వస్తాను, తర్వాత నువ్వు పోదువు అనేవాణ్ణి. నేను బయటికి వచ్చేసరికి గుడి మూసే వేళన్నా అయ్యేది, బస్సన్నా వచ్చేది. పాలకుర్తి గుట్ట మీది గుడికి ఎన్నిసార్లు పోయామో, ఒక్కసారి కూడా ఆమె లోపలికి పోలేదు.

రెండు నెలల కింద ఆమెకు కంటి ఆపరేషన్ అయింది. దవాఖానలో డాక్టరమ్మ లోపల పెట్టే లెన్సుల్లో ఎన్ని రకాలున్నాయో ఓపికగా చెప్పుకొస్తుంటే ఈమె మధ్యలోనే ఆపింది. దూరంది కనబడేది పెట్టండి, దగ్గరికి అద్దాలు పెట్టుకుంటానని ఒక్క మాటలో తేల్చేసింది. కంట్లో జీవితాంతం ఉండే లెన్సు అంత తొందరగా ఎట్లా తేల్చుతావని నేను కోప్పడ్డాను. నావైపు చూడను కూడా చూడలేదు. కట్టు విప్పిన రోజున మొక్కు బయటపెట్టింది. చూపు మంచిగా వస్తే పాలకుర్తి గుట్ట ఎక్కి, లోపలికి పోయి, దేవుణ్ణి కళ్ళారా చూస్తానని మొక్కుకుందట. పోదాం దానికేం అన్నాను. అప్పుడంది:

"ఇగో, ఆ సంచి వస్తే నేను రాను. సంచి కావాల్నో, నేను కావాల్నో సూస్కోండ్రి."

నాకు ఒళ్ళు మండింది. ఏదో ఈమెతో మూటలు మోయించినట్టు, ఎన్నడూ ఊళ్ళు చూపించనట్టు ఆ మాట ఏమిటి? రెండు రోజులు మాట్లాడలేదు. ఆమె ఆ రెండు రోజులూ హాయిగా టీవీ చూసింది, కొత్త కళ్ళతో. మూడో రోజు నాకే భయం పట్టుకుంది. ఆమె రాకపోతే మొక్కు తీరదు. తీరని మొక్కు ఇంట్లో ఎవరికి తుమ్మొచ్చినా నా మెడకే చుట్టుకుంటుంది.

నిజానికి ఆ సంచి మీద నాకూ కోపమే. అదే నెలలో కేసముద్రం మార్కెట్ యార్డుకు పోయాను. వడ్ల కుప్పలు, జల్లెడ పట్టే ఆడవాళ్ళు, ఎండలో లేచే దుమ్ము, మంచి ఫొటో. లెన్సు మార్చుదామని కెమెరా నోరు తెరిచానో లేదో గాలి వచ్చింది. పొట్టు లోపలికి పోయింది. ఆ తర్వాత తీసిన ప్రతి ఫొటోలో ఆకాశంలో ఒకే చోట నల్ల చుక్క. మా ఆమె చూసి, మీ ఆకాశానికి దిష్టి చుక్క ఎవరు పెట్టిండ్రు అని అడిగింది. ఆ రోజే నిర్ణయించుకున్నాను. దగ్గరిదీ దూరందీ అన్నీ తీసే లెన్సు ఒక్కటి కొనాలి, దాన్ని కెమెరాకు తగిలించి మళ్ళీ విప్పకూడదు. సంచి అవసరమే ఉండదు. దుకాణాల్లో దాన్ని ఆల్-ఇన్-వన్ జూమ్ అంటారు.

కొనడానికి ముందు ఫోన్‌లో వీడియోలు చూశాను. చూసి చూసి బీపీ పెరిగింది. ఒక్కొక్కడూ ఇటుక గోడను ఫొటో తీసి, మూలల్లో ఇటుకలు మసకబారి మెత్తగా వచ్చాయంటాడు. ఊళ్ళు తిరగబోయేవాడు ఇటుక గోడను ఎందుకు తీస్తాడు? ఒకడేమో ఈ లెన్సు అన్నింటికీ అంటే దేనికీ కాదన్నట్టే అంటాడు. ఇంకొకడు ఇది ఉంటే ఇక ఏదీ వద్దంటాడు. ఇద్దరి మొహాల మీదా అదే నవ్వు, చివర్లో ఇద్దరూ గంట నొక్కమంటారు. అబద్ధాలాడి బిందెలు అమ్మిన రోజుల్లో కూడా నేను అంత నవ్వలేదు.

ఇక హన్మకొండలో నాకొక దోస్తు ఉన్నాడు. పెళ్ళిళ్ళు తీసి తీసి మోకాళ్ళు అరగదీసుకున్న స్టూడియో ఆయన. నన్ను సేటూ అంటాడు, నేను భాయ్ అంటాను. సంగతి చెప్పగానే మొహం చిట్లించాడు.

"సేటూ, ఒక్క లెన్సుతోని అన్ని తీస్తనంటే ఎట్లుంటదంటే, నిఖా కార్డు మీద చుట్టాలందరి పేర్లు కొట్టిచ్చినట్టుంటది. ఎవ్వల పేరు సక్కగ కనవడది."

నాకు కోపం వచ్చింది. నీ దగ్గర ఫొటో దిగిన పెళ్ళికొడుకుల్లో కూడా ఒక్కడూ సక్కగ కనపడడని అన్నాను. ఆయన నాలుగు మాటలన్నాడు, నేను ఆరన్నాను. వీధిలో పోయేవాళ్ళు లోపలికి తొంగి చూశారు. చివరికి ఆమె మొక్కు సంగతి, సంచి సంగతి చెప్పాను. అప్పుడు చప్పబడ్డాడు.

"వదినె కోసం అయితే ఇగ మాట్లాడ. గని తేలికది కొను. గుట్ట ఎక్కేది నువ్వు, లెన్సు గాదు."

ఆయనే నన్ను దుకాణానికి తీసుకుపోయాడు. కౌంటర్ వెనకున్న సేల్స్‌మన్ నా నెత్తి మీది తెల్ల వెంట్రుకలు చూసి, అంకుల్, మీ ఏజ్‌కు ఫోన్ కెమెరా చాలు గద అన్నాడు. ఆ మాటకు అప్పుడే వెనక్కి తిరిగి రావాల్సింది. రాలేదు. అద్దం మీద రెండు లెన్సులు పెట్టాడు. ఒకటి పొట్టిది, తేలికది. దాంతో గోపురం మీది పావురం కనబడుతుంది. రెండోది లావుది, దాంతో పావురం కన్ను కనబడుతుంది. భాయ్ తేలికదాని వైపు గడ్డం చూపించాడు. సేల్స్‌మన్ కూడా ప్రయాణాలకు అదే మంచిదన్నాడు.

ఇద్దరూ ఒకే మాట అంటే నాకు అనుమానం. పైగా జీవితమంతా నా గిరాకీలకు నేను చెప్పింది ఒకటే: చేతిల పట్టి చూడమ్మా, బరువుంటేనే సరుకు. పల్చటి రేకు నాలుగు రోజులకే సొట్ట పోతుంది. ఆ అలవాటుతో ఒక్కో లెన్సును ఒక్కో అరచేతిలో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. తేలికది ప్లాస్టిక్ గిన్నెలా ఉంది. లావుది తాతల నాటి చెంబులా అరచేతిలో కూర్చుంది. గోటితో మీటి చూశాను. సేల్స్‌మన్ అంకుల్ అంకుల్ అంటూ చెయ్యి అడ్డం పెట్టాడు.

భాయ్ మాత్రం కదలకుండా అన్నాడు: "నీళ్ళు గుడ పోసి సూడు సేటూ, కారుతదేమో."

ఆ ఎగతాళికే, సరిగ్గా ఆ ఎగతాళికే, లావుది కట్టమన్నాను.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి, లేకపోతే లెన్సు గురించి ఇంత తెలిసినవాడు ఇట్లా ఎట్లా కొన్నాడని మీకు అనుమానం వస్తుంది. మొదట చెప్పింది కొంచెం సాగదీశాను. వరంగల్ అంతా నన్ను అడిగి కొనదు. అడిగింది ఇద్దరే. ఒకాయన వర్ధన్నపేట నుంచి వచ్చిన పంతులు. నేను చెప్పిందంతా తల ఊపుతూ విని, పోయి వేరేది కొనుక్కున్నాడు. ఇంకొకావిడ మా వీధి చివరి ఇంటామె. ఆమె అడిగింది కళ్ళజోడు అద్దాల గురించి. ఆవిడకు కూడా నేను బరువైనవే మంచివని చెప్పాను.

ఇంటికి తెచ్చి కెమెరాకు తగిలించాను. మెడలో వేసుకుంటే కెమెరాతో వచ్చిన నైలాను పట్టీ మెడను కోసింది. ఇంత బరువుకు ఈ దారప్పోగు ఆగుతుందా అని ఆ కంపెనీవాళ్ళను తిట్టుకుని, బీరువాలో ఉన్న పాత వెడల్పాటి పట్టీ తీసి బిగించాను. మెత్తగా, హాయిగా ఉంది. అది తోలుదని నాకు తెలియక కాదు. బయటపెట్టాల్సింది సంచిని అన్నదే నా బుర్రలో ఉంది, ఆ సంచి ఇప్పుడు లేదు. మా ఆమె తన కొబ్బరికాయ తాను సర్దుకుంటూ నా మెడ వైపు ఒకసారి చూసింది. ఏమీ అనలేదు. అప్పుడే అనొచ్చు కదా? అదీ నా కోపం.

పాలకుర్తిలో గుట్ట కింద ఆటో దిగాం. పై దాకా బండి పోతుందని ఆటో ఆయన చెప్పినా, మొక్కు కాబట్టి నడుస్తానని ఆమె మెట్ల వైపు తిరిగింది. నేను వెనక. పది మెట్లెక్కేసరికి లెన్సు బుద్ధి బయటపడింది. మెడలో వేలాడుతుంటే దానంతటదే సాగుతుంది. లోపలి గొట్టం మెల్లగా కిందికి జారి, అడుగు వేసినప్పుడల్లా పొట్టకు కొడుతుంది. వెనక్కి నెడతాను, మళ్ళీ జారుతుంది. ముందున్న గాజు బరువుకు అట్లా జారడం మామూలేనని, ఆపడానికి పక్కనే చిన్న మీట ఉంటుందని భాయ్ తర్వాత చెప్పాడు. తర్వాత చెప్పేవాళ్ళకు ఈ ఊళ్ళో కొదవ లేదు.

భుజం లాగుతోంది. రెండు చోట్ల కూలబడ్డాను. ఒక చోట రాతి మీద కోతిని తీద్దామని చివరిదాకా తిప్పితే చేతులు వణికి కోతికి రెండు తోకలొచ్చాయి. ఆమె ఆగలేదు. మోకాళ్ళు నొస్తాయని ఇంట్లో మేడ మెట్లెక్కని మనిషి, కొబ్బరికాయ పట్టుకుని నాకంటే ముందు పైకి చేరింది.

గుడి ముందు చెప్పులు విడిచాం. నేను బెల్టు విప్పాను. అప్పుడు మెడ మీద చెయ్యి పడింది, మెత్తగా తోలు తగిలింది. ఇంట్లో నేను బిగించిన బిగింపుకు ఆ పట్టీ కెమెరా నుంచి అక్కడ ఊడేది కాదు. ఆమె నా చేతిని, పట్టీని, నా మొహాన్ని చూసింది. ఆ పూట ఆమె లోపలికి పోవడమో, మళ్ళీ బయట కూర్చోవడమో ఆ గడప దగ్గర తేలాలి. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నువ్వు పోయి రా, నేను కూసుంట అన్నాను. వద్దు వద్దంది. లేదు, పోవాల్సిందేనని బలవంతం చేసి పంపించాను. చెప్పుల పక్కన అరుగు మీద కెమెరా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

కూర్చున్నాక తెలిసింది ఆ అరుగు సంగతి. కదలకుండా కూర్చున్న ముసలివాడు కనబడితే చాలు, జనం వాణ్ణి కాపలాదారుడనుకుంటారు. ఒకామె కూరగాయల సంచి నా కాళ్ళ దగ్గర పెట్టి, "అయ్యా, జర సూడు, ఇప్పుడే వస్త" అని పోయింది. ఒకాయన హెల్మెట్ పెట్టాడు. ఎవరో చెప్పులు నావైపు జరిపారు. ఎండ అరుగు మీదికి వచ్చింది. నీడ కోసం జరుగుదామంటే ఈ సామాన్లన్నీ ఉన్నాయి. దాహమేసింది, నీళ్ళ సీసా ఆమె దగ్గర ఉంది. ఇప్పుడే వస్తానన్న మనిషి ఒక్కరూ ఇప్పుడే రారు. ఇప్పుడే అంటే ఎప్పుడు? లోపల గంట మోగినప్పుడల్లా ఆమె వస్తుందనుకున్నాను. రాలేదు. కోపంతో ఊగిపోయాను. ఆ ఇప్పుడే వస్తానన్న మాట ఇదివరకు నేను ఎన్నిసార్లు అన్నానో లెక్క తీసే పని మాత్రం పెట్టుకోలేదు.

హెల్మెట్ ఆయన వచ్చి తీసుకుపోయాడు, సంచి ఆమె వచ్చి పోయింది. అప్పుడు వచ్చింది మా ఆమె. నొసట కుంకుమ, చేతిలో కొబ్బరి చిప్ప. మెట్టు మీద నిలబడి చుట్టూ చూస్తోంది, తొందర లేకుండా. ఆ మొహం తీయాలని కెమెరా ఎత్తాను. ఇంతసేపూ ఒళ్ళో తలకిందులుగా ఉన్న లెన్సు చివరిదాకా సాగి ఉంది. నొక్కాను. ఫొటోలో ఆమె లేదు. కొబ్బరి చిప్ప ఉంది. చాలా స్పష్టంగా ఉంది, పీచు పోగులు కూడా లెక్కపెట్టొచ్చు.

తర్వాతి వారం ఇద్దరం హన్మకొండ పోయినప్పుడు స్టూడియోకు వెళ్ళాం. భాయ్ చాయ్ తెప్పించాడు. ఫొటో పెద్దగా ప్రింట్ తీయించి ముందు పెట్టాడు. కొబ్బరి మస్తుగ వచ్చింది సేటూ, మరి వదినె ఏది అన్నాడు. నవ్వే మొహం పెట్టి అడిగాడు కాబట్టి నాకు పౌరుషం వచ్చింది. జరిగిందంతా చెప్పాను. గడప దగ్గర ఆమె ఎట్లా వద్దందో, నేను ఎట్లా పట్టుబట్టానో, దేవుణ్ణి చూడకపోయినా ఫర్వాలేదని ఆ ఎండలో నాకు నేనుగా ఎట్లా కూర్చున్నానో. భాయ్ శభాష్ అంటూ నా భుజం తట్టాడు, లాగుతున్న భుజాన్నే.

మా ఆమె దగ్గరి అద్దాలు పెట్టుకుని ఆ కొబ్బరి చిప్పను చూస్తోంది. తల ఎత్తకుండానే అంది:

"ఈయనేం కూసోలె అన్నా. కెమెరా నా చేతుల వెట్టి, ఇప్పుడే వస్తనని లోపలికి ఉరకవట్టిండు. నేనే రెక్కవట్టి కూసోవెట్టి, దాన్ని మళ్ళ ఆయన మెడకే తగిలిచ్చి వోయిన."