నాలుగు ఖాళీ గడులు

ఎనిమిదో తరగతిలో నేను బడిని వదిలేశాను. బడి కూడా నన్ను వెతుక్కుంటూ రాలేదు కాబట్టి ఇద్దరికీ ఇష్టమయ్యే విడిపోయామని చెప్పుకోవాలి. ఆ తర్వాత ధర్మవరంలో చీర అంచులకు, మగ్గానికి బొమ్మ చెప్పే జకార్డు అట్టలు కొట్టే పనిలో చేరాను. గళ్ల కాగితం మీద నెమలి బొమ్మ వేసి ఉంటుంది. ఏ గడిలో రంగు ఉందో చూసి అట్టలో అక్కడ బొక్క కొట్టాలి. గడి తప్పితే నెమలికి కాలు పోతుంది. నా చేతిలో కొన్ని కుంటి నెమళ్లు పుట్టాయి. అవి ఎవరి పెండ్లిలో కుంటుకుంటూ తిరిగాయో తెలియదు, ఆ పెండ్లికూతుళ్లు నన్ను క్షమించాలి.

ఇప్పుడా పనంతా కంప్యూటర్లోకి పోయింది. నేనూ దాని వెంటే పోయాను. ఇంటి ముందు గదిలోనే దుకాణం. చీరల డిజైన్లు చేస్తాను, పెండ్లి పత్రికలు చేస్తాను. ఖాళీ జాగా కనపడితే నా చెయ్యి ఊరుకోదు. అక్కడో పువ్వో, తీగో పడాల్సిందే. అంచు ఈ కొస నుంచి ఆ కొసకు నిండుగా లేకపోతే మా వీధిలో దాన్ని చీర అనరు.

మా మామ, అంటే నా భార్య నాయన, పోలీసు బ్యాండులో క్లారినెట్ వాయించి రిటైరైన మనిషి. అత్త పోయినప్పటి నుంచి మా దగ్గరే ఉంటున్నాడు. చూపు మందగించింది, మతిమరుపు మొదలైంది. టీ తాగి గ్లాసు కింద పెట్టి, ఇంకా టీ ఇయ్యలేదేమని అడుగుతాడు. నా భార్య నవ్వుతూ రెండోసారి పోస్తుంది. నాకు ఒకటో గ్లాసుకే సిఫారసు కావాలి.

వేళ్లు మాత్రం ఏమీ మరిచిపోలేదు. కానీ పాట ఒక చరణం అయ్యాక రెండోది గుర్తుకు రాదు, మళ్లీ మొదటికే పోతాడు. అలా తిరుగుతూనే ఉంటాడు, ఎవరో ఒకరు పోయి భుజం మీద చెయ్యి వేసేదాకా. ఎదురుగా కాగితం ఉంటే ఈ తిప్పలు లేవు. బ్యాండులో నేర్చిన చదువు అది, ఐదు గీతల మీద ఏది రాసి ఉంటే అది వాయించుకుంటూ కడదాకా పోతాడు.

మా కూతురికి ఆడబిడ్డ పుట్టింది. నన్ను నలభై ఆరేళ్లకే తాతను చేసిందని వీధంతా ఎగతాళి. ఉయ్యాలలో వేసే పండుగ ఇంకో పది దినాలుందనగా మామ తన పెట్టెలోంచి ఒక నోటు బుక్కు తీసుకొచ్చాడు. అత్త ఉయ్యాల ఊపుతూ పాడే పాటను, ఆమె ఉన్నప్పుడే పక్కన కూర్చుని పెన్సిల్‌తో క్లారినెట్‌కు రాసుకున్నాడట. పెన్సిల్ వెలిసిపోయింది. ఆ పాట ఇంకెవరికీ పూర్తిగా రాదు, నా భార్యకు కూడా.

"అల్లుడా, దీన్ని నీ మిషన్లో పెద్దగా కొట్టీయప్పా," అన్నాడు. "మీ అత్త పాట ఆ బిడ్డ ఒక్కసారన్నా వినాల."

ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. పెండ్లినాడు కూడా ఏమీ అడగలేదు, నన్ను చూసి నిట్టూర్చాడంతే.

సంగీతం రాసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఊరికే దొరుకుతుందని తెలిసి కంప్యూటర్లోకి దించుకున్నాను. రెండు దినాలు వీడియోలు చూశాను. మొదట చూస్తే ఐదు పడుగు పోగుల మీద ఎవరో శెనక్కాయలు ఆరబోసినట్టు అనిపించింది. తర్వాత నిలువు గీతలు కనిపించాయి. నిలువు గీతకూ నిలువు గీతకూ నడుమ ఒక గడి. ఇంకేం, గడులంటే నా ఇల్లే కదా. మామ పక్కన కూర్చుని ఒక్కో స్వరం చెబుతుంటే నేను ఒక్కో గింజా పెట్టాను. మూడు మధ్యాహ్నాలు పట్టింది.

మొదట అంతా ఒకే పేజీలో ఇరికించి ప్రింటు తీశాను. మామ దాన్ని ముక్కుకు ఆనించుకుని చూసి, "ఈ చీమలన్నీ యాడికప్పా పోతాండేది, పెండ్లికా?" అన్నాడు.

సైజు పెంచాను. పాట ఒక పేజీ దాటి రెండో పేజీలో సగం దాకా పాకింది. ఆ సగం ఖాళీ చూస్తే నాకు ప్రాణం ఒప్పలేదు. ఆ సాఫ్ట్‌వేర్‌లో అన్నిటికీ పగ్గాలున్నాయి. వరుసకూ వరుసకూ మధ్య ఎంత ఎడం ఉండాలి, ఒక్కో గడి ఎంత సాగాలి, ఎక్కడ వరుస విరగాలి, ఎక్కడ పేజీ విరగాలి, అన్నీ మన చేతిలోనే. నేను లాగాను, సాగదీశాను, జరిపాను. చివరి వరుసలో రెండే గడులు మిగిలితే వాటిని పట్టి ఈ కొస నుంచి ఆ కొసకు అంచులా పరిచాను. పాట మధ్యలో ఏమీ రాయని గడులు నాలుగు ఉన్నాయి. మామ మరిచిపోయి వదిలేసినవనుకుని వాటిని పీకేశాను. రెండు పేజీలూ నిండుగా వచ్చాయి. చీరైతే మడత పెట్టి పెట్టెలో పెట్టుకోవచ్చు.

మామ ఆ కాగితాలు స్టాండు మీద పెట్టుకుని వాయించడం మొదలుపెట్టాడు. నా భార్య వంటింట్లోంచి వచ్చి గడప మీద నిలబడింది. అమ్మ పాట విని చాలా కాలమైంది కదా. మొదటి పేజీ బాగానే సాగింది. పేజీ అయిపోయిన చోట స్వరం అయిపోలేదు. క్లారినెట్‌కు రెండు చేతులూ కావాలి. ఒక చెయ్యి తీసి పేజీ తిప్పబోతే స్వరం తెగింది. తిప్పేలోగా ఎక్కడున్నాడో ఆయనకు తెలియలేదు. మళ్లీ మొదటి పేజీకి వచ్చాడు. మళ్లీ అక్కడే తెగింది. మూడోసారీ మొదటికే పోతుంటే నా భార్య పోయి భుజం మీద చెయ్యి వేసింది.

ఆయన క్లారినెట్ ఒళ్లో పెట్టుకుని, నా వైపు చూడకుండా, "వద్దులేప్పా," అన్నాడు. "ఆ పొద్దు అందరి ముందరా ఇట్లే తిరుగుతా ఉంటే బాగుండదు. బిడ్డను ఉత్తగానే ఉయ్యాల్లో ఏయండి."

నేను స్టాండు మీది కాగితాలు తీసుకుని కంప్యూటరు దగ్గరికి తెచ్చుకున్నాను.

మరుసటి పొద్దున నోటు బుక్కూ ప్రింటూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. పుస్తకంలో వరుసకు నాలుగే గడులు. అన్నీ ఒకే వెడల్పు, కవాతులో అడుగుల్లాగా. నేను పీకేసిన నాలుగు ఖాళీ గడులు మొదటి చరణం అయ్యాక వస్తాయి. మరిచిపోయిన మనిషి గీతలు ఇంత నిలువుగా, స్కేలు పెట్టి కొడతాడా? పుస్తకం తీసుకుపోయి ఆయన ముందు పెట్టి, ఇవేమని అడిగాను.

కండ్లకు దగ్గరగా పెట్టుకుని చూడగానే ఆయన ముఖం మారింది.

"ఈడ మీ అత్త పాడదు," అన్నాడు. "ఒక చేత రాట్నం తిప్పతా పాడేది. ఉయ్యాల నిదానమైందంటే పాట నిలిపేసి తాడు పట్టుకుని లాగేది. నాలుగు మార్లు. మళ్ల పాడేది. ఆమె పాడంది నేనెట్ల వాయించేది?"

గంట ముందు తాగిన టీ గుర్తులేని మనిషికి ఆమె చెయ్యి తాడును ఎన్నిసార్లు లాగిందో గుర్తుంది. నేను నిండుదనం కోసం పీకి పారేసింది దాన్నే.

వెళ్లి కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఆ నాలుగు గడులూ తిరిగి పెట్టాను. వరుసకు నాలుగు గడులని బిగించేశాను. ఆ సాఫ్ట్‌వేర్ నాలాంటిదే, జాగా ఉంటే ఐదోది తోస్తానంటుంది. ఖాళీ గడులు మొదటి పేజీ అడుగు వరుసలో పడేలా జరిపి, వాటి తర్వాత పేజీ విరిచాను. ఇప్పుడు పేజీ తిప్పడానికి ఆయనకు చేతులూ ఖాళీ, పాటా ఖాళీ. చివర సాగదీసిన రెండు గడులనూ వాటి కొలతకు తెచ్చాను. వాటి పక్కన సగం వరుస, కింద సగం పేజీ తెల్లగా మిగిలాయి. చెయ్యి రెండుసార్లు మౌస్ మీదికి పోయింది. కొట్టి వెనక్కి తెచ్చుకున్నాను.

మా ఇంట్లోకి గాలి వీధిని మోసుకుని మరీ వస్తుంది, కాగితాలు నిలవవు. అటక మీది పాత జకార్డు అట్టలు దించి పేజీలను వాటికి అంటించాను. అట్టలను మగ్గం మీద గొలుసు కట్టినట్టే రెంటినీ దారంతో కలిపి కుట్టాను. వేలితో తోస్తే చాలు, పేజీ తిరిగి పడుతుంది.

పండుగ నాడు మా ఇంటి వెనకున్న పాత మగ్గం గదిలో దూలానికి అత్త పట్టుచీరతో ఉయ్యాల కట్టారు. తాడు మా కూతురి చేతికి ఇచ్చి, తాత వాయించడం ఆపినప్పుడు లాగమని చెప్పి ఉంచాను. చుట్టాలంతా గోడల వెంట కూర్చున్నారు. మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని, స్టాండు ముందు కూర్చుని మొదలుపెట్టాడు. మొదటి చరణం అయింది. ఖాళీ గడులు వచ్చాయి. ఆయన క్లారినెట్ దించాడు. పెద్దాయనకు మతి తప్పిందనుకుని పక్కనున్న చుట్టం ఒకాయన లేవబోతే నేను మోకాలు పట్టి కూర్చోబెట్టాను.

మా కూతురు తాడు లాగింది. దూలం కిర్రుమంది. రెండు. మూడు. నాలుగు. మామ పేజీ తిప్పలేదు. తాడు వైపే చూస్తున్నాడు. ఐదు. ఆరు. మళ్లీ మొదటికి పోతాడేమోనని ఈసారి నేనే సగం లేచాను. నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా కూతురు ఆపకుండా లాగుతూనే ఉంది. ఎనిమిదో కిర్రు దగ్గర ఆయన వేలు అట్టను తోసింది. అది అటు పడింది, రెండో చరణం మొదలైంది.

దాన్ని నా భార్య కూడా పూర్తిగా విన్నది అప్పుడే, చిన్నప్పుడు అంతదాకా ఏనాడూ మేలుకుని ఉండలేదట. కడదాకా వాయించాడు. చివరి రెండు గడులూ వాటి కొలతకే ముగిశాయి. మామ ఆ కింద తెల్లటి జాగా వైపు కొంతసేపు చూసి, నా వైపు తిరిగాడు.

"అయిపాయనా అప్పా?"

"అయిపోయింది మామా."

"మళ్ల మొదటికి పోలేదు కదా?"

"పోలేదు."

తల ఊపి, లేచి ఉయ్యాలలోకి తొంగి చూశాడు. ముని మనవరాలు కండ్లు ఇంతింత చేసుకుని ఆయన్నే చూస్తోంది. కునికిన గుర్తే లేదు.

"ఇది నిద్రపోలేదే," అన్నాడు. "నిద్రపోకుంటే మీ అత్త మళ్ల మొదటి నుంచి పాడేది."

నేను పోయి అట్టను మొదటి పేజీకి తిప్పి పెట్టాను.