ఓడ దగ్గరికి వెళ్లిన వదిన

మా వదిన పరాయి దేశపు రేవులో ఆగిపోయిన ఓడని ఒంటిచేత్తో ఒడ్డుకి లాగింది. నమ్మకపోతే మానెయ్యండి. పదో తరగతి గుమ్మంలోనే చదువుకి దండం పెట్టినవాణ్ని, అబద్ధాలు అల్లేంత చదువు నాకెక్కడిది?

వదిన పత్రికలో విలేకరి. ఒకరోజు ఆఫీసుకి ఒకావిడ వచ్చింది. ఆవిడ భర్త ఆ ఓడలో వంటమనిషి. ఓనరు దివాలా తీసి మాయమయ్యాడు. జీతాల్లేవు. సరైన కాగితాల్లేవని రేవులో కాలు పెట్టనివ్వరు. పనివాళ్లు పదిమందీ ఆ డొక్కు ఓడలోనే పడి ఉన్నారు.

"ఆయనకి ఒంట్లో బాగోలేదమ్మా. పేపర్లో పడితే ఎవరైనా కదులుతారేమో" అందావిడ.

ఎడిటర్ మర్నాడే నాలుగు ముక్కలు వేద్దామన్నాడు. వదినే వద్దంది. విదేశాలకెళ్లి రాసే విలేకరులకి గ్రాంటిచ్చే సంస్థ ఒకటుంది. అంతకుముందు ఎక్కడా అచ్చుకాని కథనమైతేనే ఇస్తారు.

"నాలుగు ముక్కలకి ఎవరు కదులుతారు సార్? అక్కడికెళ్లి ఫోటోలతో రాస్తే రెండు ప్రభుత్వాలూ కదులుతాయి" అంది వదిన.

ఆ రోజుల్లో వదిన ఊపు చూడాలి. పొయ్యి మీద పాలు పొంగుతున్నా ఆవిడ ధ్యాసంతా దరఖాస్తు మీదే.

"వదినా, నన్నూ పెట్టెలో పెట్టి తీసుకెళ్లు. తెడ్డు వేస్తా" అన్నాను.

"వాళ్ల కష్టాలు చాలవా, నీ తిండి కూడా ఎందుకయ్యా?" అంది.

వంటమనిషి అప్పుడప్పుడూ ఫోన్ చేసేవాడు. ఒకసారి నేనూ విన్నాను.

"ఎప్పుడొస్తారమ్మా?"

"వచ్చేస్తానండీ. సంస్థవాళ్లు ఇంకా తేల్చలేదు."

"పర్లేదులెండి" అని చాలాసేపు దగ్గాడు. "మీరొస్తే మంచి టీ ఇస్తాను. పాలు మాత్రం మీరే తెచ్చుకోవాలి."

వానాకాలం పోయి ఎండలు ముదిరాక గ్రాంటు మంజూరైంది. వదిన పెట్టెలో అన్నిటికంటే ముందు పాలపొడి డబ్బా సర్దుకుంది.

పడవలో ఓడ దగ్గరికి వెళ్లేసరికి వంటమనిషి లేడు. అంతకుముందు వారమే పోయాడు. అతని పక్క చుట్టేసి, గోడకి ఆనించి ఉంది.

కథనం మొదటి పేజీలో వచ్చింది. వదిన అన్నట్టే రెండు ప్రభుత్వాలూ కదిలాయి. ఎంతో కాలం పట్టలేదు, తొమ్మిదిమందీ ఇళ్లకి చేరారు. సంస్థవాళ్లు వదిన ఫోటో తమ ఆఫీసు గోడకి తగిలించుకున్నారట.

వంటమనిషి భార్య వచ్చి వదిన చేతులు పట్టుకుంది. "మా ఆయన కోసం అంతదూరం వెళ్లారు" అంది. ఆవిడ తిట్టిపోసినా బాగుండేది. ఆ తర్వాత వదిన బయటి వార్తలు మానేసింది. ఆఫీసులో కూర్చుని వాతావరణం పేజీ దిద్దుతోంది. ఇంట్లో ఫోన్ మోగితే అన్నయ్యని తియ్యమంటుంది.

ఇంతవరకూ రాసి, కాస్త నవ్వుతుందేమోనని వదినకి చదివి వినిపించాను. తప్పంతా తీరిగ్గా తేల్చిన ఆ సంస్థదేనని చివర్లో ఓ ముక్క తగిలిద్దామన్నాను. బట్టలు మడతపెడుతూనే విన్నది.

"ఓడ ఇంకా అక్కడే ఉందయ్యా" అంది. "ఇన్ని నెలలు పడుతుందని సంస్థవాళ్లు నాకు ముందే చెప్పారు."