గాలికి కిరాయి కట్టని మా తమ్ముడు

మా తమ్ముడు గాలికి కిరాయి కట్టడు. వాడి గురించి ఈ ఒక్క ముక్క తెలిస్తే చాలు, మిగతాది మీరే ఊహించుకోవచ్చు. అయినా నేనే చెబుతాను. మీరు ఊహిస్తే తక్కువ ఊహిస్తారు.

వాడిది ఆటసామాన్ల దుకాణంలో పార్సిళ్ళు కట్టే పని. స్కూళ్ళవాళ్ళూ క్లబ్బులవాళ్ళూ ఏది కొన్నా దాన్ని అందరికంటే చవగ్గా వాళ్ళ ఊరు చేర్చాలి. పుస్తకాలో మందులో అయితే ఎవరైనా చేరుస్తారు. ఆటసామాను అలా కాదు. ఒకటి వీధంత పొడుగు, ఇంకొకటి ఏనుగంత లావు, తీరా ఎత్తి చూస్తే చంటిపిల్లంత బరువుండదు. ట్రాన్స్‌పోర్టువాళ్ళు అలాంటివాటిని తూకం వేయరు. టేపు పెట్టి పొడుగూ వెడల్పూ ఎత్తూ కొలిచి, గుణించి, దేనితోనో భాగించి, ఇదిగో ఇంత బరువు అని వాళ్ళే తేలుస్తారు. నేను చదివింది మూడో తరగతి, అందులోనూ గుణకారం సగం దాకానే. అయినా అది అన్యాయమని నాకు అర్థమైంది. మా తమ్ముడికైతే అది అన్యాయం కాదు, సొంత పగ.

"ఇందులో సామాను ఎంతక్కా? ఇంత. మిగతాదంతా గాలి. ఆ ఊళ్ళో గాలి లేదా? ఇక్కణ్ణించి లారీ ఎక్కించి పంపాలా?"

"పంపకు. నా తల తినకు."

గాలి తీయగలిగిన ప్రతి వస్తువులోంచీ తీస్తాడు. ఫుట్‌బాళ్ళు వాడి చేతిలో పడితే చెప్పుల అట్టల్లా అయిపోతాయి. బాక్సింగువాళ్ళు గుద్దడానికి పైనుంచి వేలాడదీసే తోలుసంచీ ఉంటుంది కదా, దాన్ని ఒకసారి మొత్తం ఖాళీ చేసి, తోలు మాత్రం మడిచి పంపాడు. లోపల ఒక చీటీ: "ఇందులో ఉన్నవి చింకిగుడ్డలు. చింకిగుడ్డలు మీ ఊళ్ళోనూ ఉంటాయి. నింపుకోగలరు." వాళ్ళు చీటీ చదవకుండా ఇసుక నింపారు. ఆ క్లబ్బు కుర్రాళ్ళు వారం రోజులపాటు చొక్కా గుండీలు అమ్మల చేత పెట్టించుకున్నారట. ఫోను చేసి తిట్టారు. మావాడు తిట్లన్నీ ఓపిగ్గా విని, "అదలా ఉంచండి, కిరాయి ఎంత మిగిలిందో చూశారా?" అన్నాడు.

ఇంకోసారి నదికి దిగువనున్న ఊరివాళ్ళు పడవ కొన్నారు. ఒక్క మనిషి కూర్చుని తెడ్డు వేసే సన్నటి పడవ. "పడవని లారీ ఎక్కించడమేమిటక్కా, నలుగురూ నవ్వరూ?" అంటూ దాన్ని నదిలో దింపి, అటువైపు వెళ్ళే చేపలవాడి చేతికి తెడ్డు ఇచ్చాడు. చేపలవాడు దారిలో తన పని తను చూసుకోకుండా ఉంటాడా? పడవ చేరేసరికి క్లబ్బువాళ్ళకంటే ముందు ఆ ఊరి పిల్లులన్నీ ఒడ్డుకొచ్చి నిలబడ్డాయి.

ఇంట్లోనూ ఇంతే. మా మరదలు ప్రయాణానికి పెట్టె సర్దితే దాని మీద మూడుసార్లు కూర్చుని లేస్తాడు. ఖాళీ ఫ్లాస్కు కంటబడితే అందులో మేజోళ్ళు కుక్కుతాడు. "వదినా, నిన్న ఫ్లాస్కు వంచితే కాఫీతోపాటు మేజోడు వచ్చింది. మీ తమ్ముడికి మీరైనా చెప్పండి" అని నా దగ్గర మొర.

"పెంచింది మా అమ్మ, కట్టుకున్నది నువ్వు. మధ్యలో నన్నెందుకు లాగుతావ్?" అన్నాను.

వీధిలో పిల్లలకీ పెద్దలకీ వాడు గాలి బాబాయి. పిలిస్తే పలుకుతాడు కూడా.

ఇక నా సంగతి. గుడారాలు కుట్టే కార్ఖానాలో ముప్పై రెండేళ్ళు మిషను తొక్కాను. నా కుట్టు ఊడిందన్న మనిషి ఇంతవరకు పుట్టలేదు. రెండేళ్ళ కిందట కొత్త యజమాని వచ్చి, "మీకు చూపు తగ్గిందమ్మా, ఇంట్లో విశ్రాంతి తీసుకోండి" అన్నాడు. పది రోజులు గోడలకేసి చూశాను. పదకొండో రోజున గోడలతో పోట్లాట మొదలుపెట్టాను. సరిగ్గా ఆ రోజే మా తమ్ముడు భుజాన నాలుగు ఈటెలు వేసుకుని దిగాడు. ఆటల పోటీల్లో పరుగెత్తుకొచ్చి విసిరే ఈటెలు. వాడు గుమ్మంలో పక్కకి తిరిగేసరికి నా గోడగడియారం భళ్ళుమంది.

"అక్కా, వీటికి తొడుగు కుట్టు. చెక్కపెట్టెలో పెడితే పెట్టెడు గాలికి కిరాయి వదులుతుంది. తొడుగైతే ఒంటికి అతుక్కున్నట్టు ఉంటుంది. కుట్టుకూలీ దుకాణం ఇస్తుంది."

"ఇన్ని వీధుల్లో ఇంతమంది దర్జీలుంటే నేనే దొరికానా?"

"వాళ్ళందరూ వదులుగా కుడతారక్కా."

అది మొదలు నా ఇల్లు గోడౌను అయింది. హాకీ కర్రలొచ్చాయి, వలలొచ్చాయి, తెడ్లొచ్చాయి. గడ ఊతంగా ఎత్తుకి దూకేవాళ్ళ గడ ఒకటి వస్తే, సగం నా గదిలో పట్టింది, సగం కిటికీలోంచి బయటికి వెళ్ళింది. కుట్టడం పూర్తయ్యేసరికి బయటి సగం మీద పక్కింటావిడ బట్టలు ఆరేసుకుంది. కుట్టిచ్చిన ప్రతి తొడుగులోనూ మావాడు వేలు దూర్చి చూసేవాడు.

"ఇక్కడ కొంచెం గాలి ఉన్నట్టుందక్కా."

"నీ బుర్రలో ఉంది. పట్టుకుపో."

పట్టుకుపోయేవాడు. వీడి పిసినారితనానికి నేను చాకిరీ చేసి చస్తున్నానని కనబడినవాళ్ళందరికీ చెప్పుకునేదాన్ని. చెప్పుకోవడానికి ఒక కష్టమంటూ ఉంటే రోజులు బాగానే గడుస్తాయి.

పోయిన నెల ఒక గురువారం మధ్యాహ్నం, తోపుడు బండి మీద ఒక పరుపు తోసుకుంటూ వచ్చాడు. హైజంపు దూకేవాళ్ళు వెల్లకిలా వచ్చి పడే స్పాంజి పరుపు. మంచం కన్నా పెద్దది, మోకాలెత్తు. వెనకాలే మా మరదలు, మొహం వేలాడేసుకుని.

"ఏమైందే?"

"ఈయన్నే అడగండి వదినా. పొద్దుట్నించీ నీళ్ళు కూడా ముట్టలేదు."

సంగతేమిటంటే, ఎక్కడో దూరాన ఒక ఆడపిల్లల బడి. శనివారం హైజంపు పోటీ వాళ్ళ మైదానంలోనే. ఉన్న పరుపు చిరిగి పనికిరాకుండా పోయింది. కొత్తది అందకపోతే ఆ ఒక్క పోటీ రద్దు. ఆ బడిలో ఒక పిల్ల ఏడాదిగా ఇసుక కుప్ప మీద పడుతూ దూకడం నేర్చుకుంది. వీపంతా దోక్కుపోయి ఉంది. వచ్చే ఏడు వయసు దాటిపోతుంది, దూకితే ఈ శనివారమే దూకాలి. ఆ పిల్ల కోచ్ ఫోనులో మా తమ్ముడికి ఇదంతా చెప్పింది. పరుపు ముప్పై అయిదు కిలోలే కదా అని, చేతికి ఎముక లేకుండా నూటయాభై కిలోలకి కిరాయి కూడా పంపించింది. ట్రాన్స్‌పోర్టువాడు టేపు పెట్టి మూడొందల డెబ్బై అయిదు కిలోలన్నాడు. దుకాణం యజమాని పైన పడే కిరాయి నేను పెట్టుకోనన్నాడు. లారీ నాలుగింటికి. మళ్ళీ లారీ సోమవారం.

పైవాటాలో ఉండే లెక్కల పంతులు మెట్ల మీదే నిలబడి లెక్క కట్టాడు. "పొడుగూ వెడల్పూ మన చేతుల్లో లేవు. ఎత్తు జానెడుకి దింపితే సరిగ్గా నూటయాభై."

"మోకాలెత్తు జానెడు ఎలా అవుతుందండీ?" అంది మరదలు.

"కూర్చుంటే అవుతుంది" అన్నాడు మా తమ్ముడు.

వీధిలోనే కాన్వాసు పరిచి, పరుపు దాని మీద వేసి, పైన ఇంకో కాన్వాసు కప్పాడు. తను ఎక్కి కూర్చున్నాడు. పరుపు లెక్కచేయలేదు. మరదలు ఎక్కింది, పంతులు ఎక్కాడు. బెత్తెడు దిగింది. మంగలిని పిలిస్తే, గడ్డం సగం గీయించుకున్న మనిషితో సహా వచ్చాడు. పోస్టుమ్యాన్ సంచీ దింపబోతే, "వద్దు, సంచీతోనే ఎక్కండి" అన్నాడు మావాడు. అప్పుడు మందుల షాపాయన అటుగా వచ్చాడు. ఆయన బరువు సంగతి నేను చెప్పకూడదు గానీ, ఆయన్ని చూడగానే మా తమ్ముడి మొహం లాటరీ తగిలినట్టు వెలిగింది. ఆయన కూర్చున్నాడు. పరుపు ఒక నిట్టూర్పు విడిచి జానెడుకి దిగిపోయింది.

"ఎవరూ కదలకండి! అక్కా, కానియ్!"

దబ్బనంలో పురికొస ఎక్కించాను. మొదటిసారికే ఎక్కింది, చూపు తగ్గిందన్నవాడు అక్కడ ఉండాల్సింది. రెండు కాన్వాసుల అంచులూ కలిపి మూడు వైపులు బిగించుకుంటూ వచ్చాను. నాలుగో వైపు గుడ్డ చాలలేదు. జానెడు ఎడం.

"కుట్టులోకి గుడ్డ వదలమని చెప్పానా లేదా?"

"కుట్టులోకి పోయే గుడ్డ దండగ కదక్కా అని..."

"ఇప్పుడు నీ చొక్కా విప్పి కుట్టనా?"

"గోడౌనులో ముక్కలుంటాయి, ఉండు తెస్తా" అని లేచాడు. పరుపు బుస్సుమంటూ బెత్తెడు లేచింది. "కూర్చో!" అని ఆరు గొంతులు అరిచాయి. కూలబడ్డాడు.

"నేను వెళ్తాలే" అన్నాను.

"నువ్వొద్దక్కా! దుమ్ము! నీకు దగ్గొస్తుంది! ఎలకలు కూడా!"

"నన్ను చూస్తే ఎలకలే దగ్గుతాయి" అని బయల్దేరాను.

గోడౌను వీధి చివర, దుకాణం వెనక. రెండేళ్ళలో నేనెప్పుడూ అడుగుపెట్టలేదు, వాడు పెట్టనివ్వలేదు. పాత వలల వెనక ఒక అర. ఆ అరనిండా తొడుగులు. జిప్పులూ పట్టీలూ ఉన్న కొత్త తొడుగులు. ఈటెలవి, హాకీ కర్రలవి, తెడ్లవి, ఆఖరికి ఆ గడది కూడా. ఆ కొలతలన్నీ నాకు తెలుసు. వాటన్నిటికీ నేను తొడుగులు కుట్టాను.

"ఇవెక్కడివి బాబూ?" అని దుకాణం యజమానిని అడిగాను.

"సామానుతోపాటు కంపెనీ నుంచి వచ్చేవే పెద్దమ్మా. మీ తమ్ముడు వాటిని ఇక్కడ విప్పేసి, సామాను మీ దగ్గరికి తెస్తాడు. తను మిగిల్చిన కిరాయిలోంచి మీ కుట్టుకూలీ ఇమ్మన్నాడు. నాకు పోయేదేముందని ఊరుకున్నాను."

"ఎందుకట?"

"కంపెనీ తొడుగుల్లో గాలి ఎక్కువట."

ఈటెల తొడుగు తీసి చెయ్యి ఆనించాను. నేను కుట్టింది అయిదు వేళ్ళ వెడల్పు. ఇది నాలుగు. మళ్ళీ ఆనించాను. నాలుగే. గాలికి కిరాయి కట్టనివాడు రెండేళ్ళుగా, ప్రతి పార్సిలుకీ, నా తొడుగులో వేలెడు గాలికి కిరాయి కడుతున్నాడన్నమాట. నిలబడి ఆలోచించడానికి తీరిక లేదు, మూడు దాటింది. మందపాటి కాన్వాసువి మూడు తొడుగులు చంకన పెట్టుకుని వచ్చేశాను.

వాటిని చూడగానే మా తమ్ముడి మొహంలో నెత్తురుచుక్క లేదు. పారిపోదామంటే పరుపు లేస్తుంది. మధ్యలో ఇరుక్కుపోయాడు పాపం.

"అవి... పొరపాటున వచ్చాయక్కా. ఆ మూడే. వాటిల్లో గాలి ఎక్కువ."

"అలాగా."

"చూస్తే తెలీదు గానీ చాలా వదులు."

మంగలి చెయ్యి చాచాడు. "ఏదీ, ఇలా ఇవ్వు పెద్దమ్మా. నీ తొడుగుతో పక్కపక్కన పెట్టి చూద్దాం. గాలి బాబాయి మాట ఎప్పుడూ తప్పు కాదు కదా."

పక్కపక్కన పెడితే ఏం తేలుతుందో నాకు తెలుసు, వాడికి తెలుసు. వాడు నాకేసి చూడకుండా ఆకాశంకేసి చూస్తున్నాడు.

"నువ్వు ముందు సరిగ్గా కూర్చో! చెయ్యి చాస్తే గాలి దూరుతుంది!" అని మంగలిని కసిరి, కత్తెర తీసి మూడు తొడుగుల్నీ నిలువునా కోసేశాను. ఇక కొలుచుకోమనండి. ముక్కలు కలిపి నాలుగో వైపు వేశాను. వేస్తూ ఆ కంపెనీవాడి కుట్టు చూశాను. అంగుళానికి నాలుగు! దానికో జిప్పు, దానికో పట్టీ, సోకులు! నోటికొచ్చిందల్లా కంపెనీవాణ్ణే తిట్టాను. మా తమ్ముణ్ణి ఒక్క మాట అనలేదు. వాడు పుట్టిన దగ్గర్నుంచీ అలాంటి పూట అదే మొదటిది. మరదలు భయపడి నా నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది.

పావు తక్కువ నాలుగుకి అందరూ ఒక్కొక్కరే దిగారు. పరుపు మూలిగింది గానీ కుట్టు కదల్లేదు. ట్రాన్స్‌పోర్టువాడు టేపు రెండుసార్లు పెట్టాడు. నూటయాభై.

శనివారం సాయంత్రం కోచ్ ఫోను చేసింది. కుట్లు కోయగానే పరుపు ఎగిరి లేచిందట. పక్కన నిలబడ్డ వాచ్‌మన్ భయపడి గేటు దాకా పరుగెత్తాడట.

"పిల్ల దూకిందా?" అని మా తమ్ముడు నాలుగుసార్లు అడిగాడు.

దూకింది. రెండో స్థానం. పడ్డాక మెత్తగా ఉందని లేవకుండా అక్కడే పడుకుని నవ్విందట. మావాడు ఫోను పెట్టేసి, కంట్లో ఏదో నలక పడిందని లోపలికి పోయాడు.

సోమవారం వాడు బ్యాంకుకి వెళ్ళిన సమయం చూసి గోడౌనుకి వెళ్ళాను. ఆ అరలో మిగిలిన తొడుగులన్నీ తెచ్చేసుకున్నాను. ఇరవై రెండు. యజమాని నవ్వాడే గానీ కాదనలేదు. మంగళవారం వాడు మామూలుగా హాకీ కర్రలు తెచ్చాడు. "మళ్ళీ నా ప్రాణానికి తెచ్చావా?" అని మామూలుగానే తిట్టి తీసుకున్నాను.

అర ఖాళీ అయిందని వాడికి అప్పటికే తెలిసింది. వలలు దులిపాడట, అటకెక్కాడట, ఎలకల బోనులు పెట్టాడట. నన్ను మాత్రం అడగలేడు. అడిగితే ఆ మూడే వచ్చాయన్న మాట ఏం కాను?

దుకాణం ముందు బల్ల మీద ఇప్పుడొక కొత్త మెత్త ఉంది. పైన మామూలు కాన్వాసు, అంగుళానికి పది కుట్లు. లోపల ఏం మడిచి పెట్టానో యజమానికీ నాకూ తెలుసు. మా తమ్ముడు రోజూ దాని మీదే కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఆ తొడుగులు ఏమైపోయాయా అని ఆలోచిస్తున్నాడు.