హెస్టర్ నిటారుగా నిలబడిన చోటు

'మూడు కాకులు' అనే పబ్బులో తిన్నగా ఉండేది గ్లాసులో బీరొక్కటే అని ఊళ్లో వేళాకోళం. మట్టీ గడ్డీ కలిపి తొక్కి కట్టిన గోడలు పొట్టలు పెంచాయి. ఓకు చెక్క దూలాలు ఒంగిపోయాయి. మూడు వందల ఏళ్లుగా ఇల్లంతా కొంచెం కొంచెంగా వాగు వైపు కుంగుతూ వచ్చింది.

పబ్బు నడిపే హెస్టర్ పాస్మోర్‌కు చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు పొట్టిదైంది. వీధిలో కర్ర పట్టుకుని కుంటుతుంది. బీరు పోసే బల్ల వెనక్కి వెళ్లిందంటే మాత్రం మహారాణే. అక్కడ చెక్కల నేల ఆమెకు ఎడమ వైపు ఎత్తు, కుడి వైపు పల్లం. వచ్చినవాళ్లకు ఎదురుగా నిలబడితే రెండు కాళ్లూ సమానమవుతాయి. వెనక్కి తిరిగితేనే తంటా. అందుకని గోడ మీది సీసాలన్నీ బల్ల కిందికి మార్చేసింది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడం ఆమెకు నామోషీ.

ఒకరోజు మధ్యాహ్నం, పబ్బు సొంతదార్లయిన బీరు కంపెనీ నుంచి లాంగ్‌డన్ అనే కుర్ర మేనేజరు వచ్చాడు.

"నేలంతా చదును చేయిస్తామండీ. మీ కాలికీ సుఖంగా ఉంటుంది," అన్నాడు మర్యాదగా.

"అక్కర్లేదు."

"ఎందుకండీ?"

"అక్కర్లేదంటే అక్కర్లేదు!"

నిప్పు దగ్గర కూర్చున్న గొర్రెల కాపరి జెథ్రో పకపకా నవ్వాడు. "ఆవిడతో పెట్టుకోకు నాయనా. మా పొట్టేలే నయం, అప్పుడప్పుడూ మాట వింటుంది."

"రేపే వడ్రంగులు వస్తున్నారండీ," అన్నాడు లాంగ్‌డన్.

హెస్టర్ చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టింది. ఇక నామోషీ అనుకుంటే లాభం లేదు.

"ఇలా రా బాబూ. నా పక్కన నిలబడు."

అతను బల్ల వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. ఒక పక్కకు ఒరిగి బల్ల పట్టుకున్నాడు. పక్కనే హెస్టర్ గుంజలా నిటారుగా ఉంది.

"ఊరంతా నన్ను కుంటుతుండగానే చూసింది. నేను తిన్నగా నిలబడేది ఈ నాలుగు చెక్కల మీదే. ఇవి కూడా లాగేస్తావా?" అంది.

జెథ్రో నవ్వు ఆగిపోయింది. టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

లాంగ్‌డన్ ముఖం కందిపోయింది. "బల్ల అవతల చదును చేయిస్తానండీ. ఇక్కడ చెయ్యి పెట్టనివ్వను."

"మీ పైవాళ్లు అడిగితే?"

"నేల బాగానే ఉంది, నేనే వంకరగా నిలబడ్డానని చెబుతాను."

ఎవరైనా చెయ్యి అందిస్తే విసుక్కునే హెస్టర్, ఆ పూట తనే అతని మోచెయ్యి పట్టుకుని, కుంటుకుంటూ గుమ్మం దాకా వచ్చి సాగనంపింది.