మల్లయ్య మేకలు

ఖానాపూర్ అడవిలో దుప్పుల కడుపులో ఏయే పురుగులుంటాయో ఇంతవరకూ ఎవరూ చూసినట్టు లేదని మా సారు చెబితే, విజయవాడ నుంచి ఉత్సాహంగా బయల్దేరాను. రెండు రోజులు గ్లౌజులు తొడుక్కుని ఏరిన పెంటికలను డబ్బాలో పెట్టుకుని నిర్మల్ బస్సెక్కాను. పక్క సీటులో మల్లయ్య అనే ముసలి మేకల కాపరి కూర్చున్నాడు. డబ్బాలో ఏముందని అడిగితే, సిగ్గుపడుతూనే దుప్పి పెంటికలని, వాటిలో కడుపు పురుగుల గుడ్లు వెతకాలని అన్నాను. దూరం జరుగుతాడనుకున్నాను.

"జర చూపియ్యి బిడ్డా" అని చెయ్యి చాపాడు. ఒకటి వట్టి అరచేతిలోనే నలిపి వాసన చూశాడు.

"ఏడ ఏరినవ్?"

"వాగు ఒడ్డున, ఇప్పచెట్ల కింద."

"గివి దుప్పియి కావు, మేకలయి. గాడ రోజూ నా మంద ఆగుతది. మొన్ననే నట్టల మందు తాపిన. గిండ్ల నీకు ఒక్క పురుగు దొరకది."

నా మొహం చూసి జాలిపడ్డట్టున్నాడు. "పరేషాన్ గాకు. ఎల్లుండి రా, దుప్పులు తిరిగే జాగ నేను చూపిస్త."

ఆయన మాట నమ్మబుద్ధి కాక, గదికి చేరగానే అన్నీ మైక్రోస్కోపు కింద పెట్టాను. ఒక్క పురుగు గుడ్డు కూడా కనిపించలేదు. అడవి జంతువుల మీద నా మొదటి పరిశోధనలో తేలింది ఒక్కటే: మల్లయ్య మేకలకు నట్టలు లేవు.