లెక్కలో లేని బేరింగులు

డెబ్బైల మొదట్లో నాచారంలో నేను పనిచేసే ఫ్యాక్టరీకి అట్టకార్డులొచ్చాయి. ఒక్కో సామానుకు ఒక్కో కార్డు. ఎంత ఉంది, ఎంత వాడారు, మళ్ళీ ఎప్పుడు తెప్పించాలి, అంతా దానిమీద రాసి వారం వారం బొంబాయి హెడ్డాఫీసుకు లెక్క పంపాలి. స్టోర్సులో గుమాస్తాను నేనే కాబట్టి రాత నా నెత్తినే పడింది.

అంతకుముందు ఆ లెక్కంతా స్టోర్‌కీపర్ తలలో ఉండేది. ఉప్పల్ నుంచి సైకిల్ మీద వచ్చేవాడు, అందరికీ మామే. ఏ బెల్టు ఏ అరలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. ఒకసారి పాపం భార్యను దవాఖానాలో చేర్చి రెండు రోజులు రాలేదు. ఒక్క బెల్టు దొరక్క ఆ రెండు రోజులూ మిషన్లు ఆగిపోయాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు మేనేజరు కార్డులు తెప్పించాడు. ఈ పద్ధతికి పైవాళ్ళు ఎన్ని పెద్ద పేర్లు పెట్టినా అసలు సంగతి భయం. ఒక మనిషి మంచాన పడితే కంపెనీ పడకూడదు, అంతే.

కార్డులు రాయించడానికి మామే అరలన్నీ తిప్పి చూపించాడు. చివర్న పాత రేకుల వెనక నుంచి ఒక పెట్టె లాగాడు. నిండా బేరింగులు!

"గివి రాయకు బిడ్డా. కాయితమెక్కితే మస్తుగున్నయని పైవాళ్ళు కొత్తవి పంపరు. లారీ రాని దినం గివే కాపాడ్తయి."

సరుకు రాని రోజున మామ ఎక్కణ్ణించో ఒక బేరింగు తెచ్చి మిషన్ నడిపించడం నేను ఎన్నిసార్లు చూడలేదు! అందుకే వాటిని కార్డు మీద రాయలేదు.

నెల తిరక్కుండానే హెడ్డాఫీసు నుంచి తనిఖీకి వచ్చినవాళ్ళకు ఆ పెట్టె దొరికింది. కార్డులో లేదంటే అమ్ముకోవడానికి దాచిందేనన్నారు. అమ్ముకునేవాడు ఏళ్ళ తరబడి స్టోర్సులోనే దాచుకుంటాడా, వాళ్ళ మొహం! మామ రిటైరవడానికి ఇంకా ఎనిమిది నెలలుంది. దొంగ అని రాస్తే ఉద్యోగమూ పోతుంది, పరువూ పోతుంది.

మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు. మామ అక్కడే నిలబడి ఉన్నాడు.

"ఈ పెట్టె సంగతి నీకు తెలుసా అమ్మా?"

నా జీతం మీద ఇంట్లో నలుగురం బతుకుతున్నాం. "తెలీదు సార్" అన్నాను. ఇప్పటికీ ఆ మాట తలచుకుంటే నామీద నాకే అసహ్యం.

మామ నావైపు చూడనైనా లేదు. "అవు సార్, ఆమెకేం తెల్వదు. నేనే దాసిన" అన్నాడు.

ఆ సాయంత్రమే ఆయన్ని పంపేశారు. గేటు దగ్గర ఎదురుపడితే తల దించుకుని తప్పుకోబోయాను. ఆయనే సైకిల్ ఆపాడు.

"కార్డులు జర పైలంగ రాయి బిడ్డా. ఇగ అడుగుదామన్నా నేనుండ గద."