పదకొండు మిల్లీమీటర్లు

1989 జనవరి మొదటి ఆదివారం, సాయంత్రం 6 గంటల 10 నిమిషాలు: 131.3 సెంటీమీటర్లు. అదే ఏడాది జులై మొదటి ఆదివారం, ఉదయం 6 గంటల 5 నిమిషాలు: 132.4 సెంటీమీటర్లు. కొలిచిన చోటు ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని మా రైల్వే క్వార్టరులో వంటగది గుమ్మం. అక్కడి నుంచి ఖరగ్‌పూర్ స్టేషనుకు సుమారు రెండు కిలోమీటర్లు, స్టేషను నుంచి హౌరాకు నూట పదహారు. జనవరిలో నా వయసు ఇరవై నాలుగు.

ఈ రెండు కొలతలూ తీసినవాడు మా నాన్న. వర్క్‌షాపులో బండి చక్రాల, ఇరుసుల కొలతలు సరిచూడడం ఆయన ఉద్యోగం. ఆయన ముద్ర పడనిదే ఇరుసు బయటికి వెళ్ళేది కాదు. నేను మెకానికల్ డిప్లొమా చదివి, గోల్‌బజారు దగ్గర ఒక చిన్న డ్రాయింగ్ ఆఫీసులో యంత్రభాగాల పటాలు గీసేవాణ్ణి. పెద్ద బల్ల పైఅంచు నా చేతికి అందేది కాదు కనుక చెక్కపెట్టె ఎక్కి నిలబడి గీసేవాణ్ణి. పనిలో నాకు ఎవరూ వంక పెట్టలేదు. కాని కొత్తగా పని తెచ్చిన ప్రతి మనిషీ నన్ను చూడగానే అడిగే ప్రశ్న ఒకటే: "ఖోకా, బాబా కోథాయ్?" బాబూ, మీ నాన్న ఎక్కడ అని.

ఎత్తు ఒక్కటే అయితే భరించేవాణ్ణేమో. నా గొంతు పదేళ్ళ పిల్లవాడిది. గడ్డం, మీసం లేవు. ముఖం దూరానికి పసివాడిది, దగ్గరికి వస్తే సన్నని ముడతలతో ముసలివాడిది. మధ్యాహ్నం అయ్యేసరికి ఒంట్లో శక్తి అడుగంటి పెన్సిలు జారిపోయేది. మా లైన్లో క్షవరం చేసే ఆయన నన్ను కుర్చీ మీద అడ్డంగా వేసిన పలక మీద కూర్చోబెట్టి, ప్రతిసారీ ఒకే హాస్యం ఆడేవాడు.

"ఏటి బావూ, గెడ్డం ఇప్పుడే గీయమంటావా, వొచ్చినాక గీయమంటావా?"

"వొచ్చినాకే గీద్దువు."

"నా కొడుక్కి సెప్పి పోతాన్లే."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. పలక మీద కూర్చున్నవాడికి మరో దారి లేదు.

కలకత్తాలో ఒక హార్మోన్ల డాక్టరు నా మణికట్టు ఎక్స్‌రేను కిటికీ వెలుగుకు ఎత్తిపట్టి చూపించాడు. ఎముకల చివర సన్నని నల్లగీత. అది మృదులాస్థి, ఎముక ఇంకా పెరగగల చోటు. సాధారణంగా పద్దెనిమిదేళ్ళకు మూసుకుపోయేది నాకు తెరిచే ఉంది, ఎందుకంటే నా మెదడు కింద ఉండే గ్రంథి ఎదుగుదల హార్మోనునూ ఇవ్వలేదు, మగవాణ్ణి చేసే హార్మోనుకు సంకేతమూ ఇవ్వలేదు. రెండోదానికి సూదిమందు చవక, ఏ షాపులోనైనా దొరికేది. దానితో గొంతు మారుతుంది, గడ్డం వస్తుంది, కాని ఒకటి రెండేళ్ళలో ఆ నల్లగీత శాశ్వతంగా మూసుకుపోతుంది. అందుచేత ముందు ఎదుగుదల మందు వాడాలి, తరువాతే ఇది. ఎదుగుదల మందు విదేశాల నుంచి రావాలి. నాన్న నెల జీతంతో వారానికి సరిపడా కూడా రాదు.

"ఒక ధర్మసంస్థ రెండేళ్ళకు సరిపోయే మందు ఒక్కరికి ఇవ్వబోతోంది," అన్నాడు డాక్టరు. "పెరుగుదల పూర్తిగా ఆగినవాళ్ళకే ఇవ్వాలి. ఇప్పుడు ఒకసారి, ఆరు నెలలకు ఒకసారి కొలిచి తీసుకురండి. మధ్యలో కొలవొద్దు. చిన్న తేడాలు చూసి కంగారు పడతారు." ఆ మందుతో నూట యాభై సెంటీమీటర్లు దాటే అవకాశం ఉందని కూడా అన్నాడు. నూట యాభై అంటే పెట్టె లేకుండా బల్ల. నూట యాభై అంటే పాలిటెక్నిక్‌లో బోధకుడి ఉద్యోగం. ఆ ఉద్యోగం ఇంటర్వ్యూలో అంతకుముందే ఒకసారి, కుర్రాళ్ళను ఎలా అదుపు చేస్తావని నవ్వుతూ నన్ను పంపేశారు.

మేము ఎంత జాగ్రత్తగా కొలిచామో చెప్పాలి. గుమ్మం దగ్గర గచ్చు సమంగా ఉందో లేదో నాన్న రసమట్టంతో చూశాడు. తల మీద ఆనించడానికి టేకు చెక్కతో లంబకోణపు దిమ్మ చేశాడు. ఒకే ఉక్కు టేపు. ప్రతి కొలతా మూడుసార్లు తీసి సరాసరి కట్టాడు; మూడింటి మధ్య అర మిల్లీమీటరుకు మించి తేడా లేదు. గీత పక్కన పెన్సిలుతో తేదీ, వేళ వేశాడు. వేళ వేయడం వర్క్‌షాపు అలవాటు, అంతే. జులైలో వేడికి టేపు సాగి ఉంటుందని నేను లెక్క కట్టాను. మిల్లీమీటరులో నాలుగో వంతు కూడా రాలేదు. దాన్ని కూడా వదలకుండా సరిచేశాం.

ఏప్రిల్‌లో నాన్నకు రాత్రి డ్యూటీ పడింది. జులై మొదటి ఆదివారం తెల్లవారి సైకిలు గోడకు చేర్చి, చేతులు కూడా కడుక్కోకుండా నన్ను లేపాడు.

"ఒరే బావూ, లెగు. ఇయాళే కదా."

నిద్రమంచం మీద నుంచి నేరుగా గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. మూడుసార్లు కొలిచాడు. అంకెలు రాసుకుని సరాసరి కట్టాడు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి అడిగింది.

"ఎంతొచ్చినాది?"

"పదకొండు మిల్లీమీటర్లు పెరిగినాడు."

"అంటే ఎంతయ్యా? నా సిటికెనేలు గోరంత ఉంటాదా?"

"దానికన్నా కాసింత ఎక్కువే."

"అయితే పేంటు అంచులిప్పాల," అంది అమ్మ. ఆ సాయంత్రం నిజంగానే ఒక పేంటు అంచు విప్పి కుట్టింది.

ఆ వారంలోనే కలకత్తా వెళ్ళాం. డాక్టరు గదిలోని కొలబద్ద గోడకు అంటించిన కాగితం. పైఅంచు ఊడి ఉంది. నాన్న తన హిందీలో దిమ్మ గురించి, రసమట్టం గురించి, మూడు కొలతల సరాసరి గురించి వివరించి, "గ్యారా మిల్లీమీటర్, సాబ్" అన్నాడు. డాక్టరు తన కాగితం వైపు చూసి, మీ కొలతే నమ్మదగినది అని నవ్వాడు. "ఇది శుభవార్త. ఆరు నెలల్లో పదకొండు అంటే సొంతంగా పెరుగుతున్నాడు. ఈ మందు అసలు పెరగని మరొకరికి ఇస్తాను. రెండో సూది కూడా ఇప్పుడే వద్దు. ఎదగనివ్వండి."

నాన్న రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. తిరుగు రైల్లో, బయటి తిండి ముట్టని మనిషి, ఝాల్‌ముడి అనే కారం మరమరాలు రెండు పొట్లాలు కొన్నాడు.

1990 జనవరి మొదటి ఆదివారం. నాన్న మళ్ళీ పగటి డ్యూటీకి వచ్చాడు. ఆ రోజు కూడా పనికి పిలిచారు. తిరిగి వచ్చేసరికి సాయంత్రం 6 దాటింది. కొలిచాడు. 131.5. మళ్ళీ కొలిచాడు. మూడుసార్లకు ఆగకుండా పదిసార్లు కొలిచాడు. టేపు మార్చాడు, దిమ్మ అంచు చూశాడు, గచ్చు మీద రసమట్టం పెట్టాడు. అన్నీ సరిగానే ఉన్నాయి.

"తగ్గినాడేటి?" అంది అమ్మ.

అప్పుడు నేను గీతల పక్కన ఉన్న వేళలు చదివాను. సాయంత్రం, ఉదయం, సాయంత్రం.

"నాన్నా, రేపు లెగిసిన వెంటనే మళ్ళీ కొలుద్దాం."

మర్నాడు పొద్దున్న 132.5. నాన్న దిమ్మ నా చేతికిచ్చి తాను గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. స్టూలు ఎక్కి కొలిచాను. ఆయన పని నుంచి వచ్చాక ఆ సాయంత్రం మళ్ళీ కొలిచాను. పద్నాలుగు మిల్లీమీటర్ల తేడా. మనిషి రాత్రి పడుకుంటే వెన్నుపూసల మధ్య మెత్తని బిళ్ళలు ఉబ్బుతాయి, పగలు నిలబడితే అణుగుతాయి. అంతే. వేడికి ఉక్కు ఎంత సాగుతుందో లెక్క కట్టినవాళ్ళం, వెన్ను ఎంత కుంగుతుందో అడగలేదు.

"ఏబయ్యారేళ్ళకి నాను కూడా పెరిగినానన్నమాట," అన్నాడు నాన్న. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు.

మందు అప్పటికే తొమ్మిదేళ్ళ పాపకు వెళ్ళిపోయింది. మేము డాక్టరును చూడడానికి వెళ్ళిన రోజు ఆ పాప కూడా వరండాలో ఉంది. గౌను అంచులు విప్పిన మడత గీత కనిపిస్తోంది. డాక్టరు మమ్మల్ని నిందించలేదు. చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. మరో సహాయం వస్తుందని తాను మాట ఇవ్వలేనన్నాడు. బయటికి వస్తూ నాన్న ఆ పాప తల్లి దగ్గర ఆగాడు. "దీదీ, ఏక్‌హీ టైమ్‌మే నాప్‌నా. హర్ బార్ ఏక్‌హీ టైమ్," అన్నాడు. ఎప్పుడూ ఒకే వేళకు కొలవమని. ఆమెకు ఎందుకో అర్థం కాలేదు, తల ఊపింది. ఆ పాప మీద నాకు కోపం రావాలని ప్రయత్నించాను. రాలేదు. కోపం వచ్చి ఉంటే పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండేది.

మరో పద్నాలుగు నెలలు ఎదురుచూశాను. ప్రతి ఎక్స్‌రేలో ఆ నల్లగీత అలాగే ఉండేది. అవసరమైనంత ఖాళీ ఉంది, అందులో నింపడానికి ఏమీ లేదు. రాత్రిళ్ళు మణికట్టును వేళ్ళతో నొక్కి చూసుకునేవాణ్ణి, తెరిచి ఉన్నది తెలుస్తుందేమోనని. పిల్లవాడి గొంతుతో ఇంకా ఎన్నాళ్ళు అని ఒకవైపు, ఒక్క సూదితో తలుపు నేనే మూసుకోవడమా అని మరొకవైపు. ఏ పని చేస్తున్నా ఆ రెండు మాటలే తిరిగేవి.

1991 మార్చిలో మా ఆఫీసుకు వచ్చిన ఒక కాంట్రాక్టరు, నేను ఆరు రోజులు గీసిన పటం నా చేతిలోంచి తీసుకుని, చెయ్యి నా తల మీద పెట్టి, గీసినవాణ్ణి పిలవమన్నాడు. నేనే గీశాను అన్నాను. ఆ సన్నని గొంతు గదిలో నాకే పిల్లవాడిదిగా వినబడింది. మర్నాడు మొదటి సూది వేయించుకున్నాను.

"నీ ఇష్టమేనా?" అని అడిగాడు నాన్న.

"ఇష్టం కాదు."

"మరేటి?"

"ఇంక నిలబడలేను నాన్నా."

ఆయన ఇంట్లో ఆ టేపు మళ్ళీ తెరవలేదు. పెట్టె చేయించడానికి వడ్రంగి కొలత అడిగినా, నన్నే చెప్పమనేవాడు.

ఇదీ లెక్క, 1999 చివరికి.

ఎదుగుదల మందు: ఒక్క మోతాదు కూడా లేదు. మూడు వారాలకొకటి చొప్పున వేయించుకున్న రెండో సూది: నూట ఏభై పైచిలుకు. గొంతు: ఎనిమిది నెలలకు మారింది. గడ్డం: పలుచగా వచ్చింది, హాస్యమాడిన ఆయన తొలిసారి గీసి డబ్బు తీసుకోలేదు. మణికట్టులోని నల్లగీత: 1993 ఎక్స్‌రేలో లేదు. తుది ఎత్తు, సాయంత్రం కొలిచినది: 134.0. డాక్టరు చెప్పినదానికంటే తక్కువ: పదహారు సెంటీమీటర్లు. గుల్లబారి కుంగిన వెన్నుపూస: ఒకటి, దానివల్ల ఇప్పుడు 133.2. బోధకుడి ఉద్యోగం: రెండోసారి వయసు మించిపోయింది. పెళ్ళి మాటలు: రెండు, రెండూ అటువైపు నుంచే ఆగాయి. గుమ్మం మీది గీతలు: మూడు, నాన్న రిటైరై క్వార్టరు ఖాళీ చేశాక కొత్తవాళ్ళ రంగు కింద పోయాయి. నాన్న: 1996లో పోయాడు. టేపు, దిమ్మ, రసమట్టం: నా దగ్గర ఉన్నాయి, పాడవలేదు.